అల్జీమర్స్ వ్యాధి: జన్యువులు చెప్పేది, చుంచెలుకలు చూపేది

వృద్ధాప్యంలో వచ్చే మతిమరుపును గురించి మన ఇళ్ళలో మాట్లాడుకొనే తీరు గత పాతికేళ్ళలో చాలా మారినది. ఒకప్పుడు "ముసలితనం, అంతే" అని ఊరుకొనేవారు. నేడు అల్జీమర్స్ అనే పేరు మన టౌన్‌షిప్పులలో తెలియనివారు లేరు. పదవీ విరమణ చేసిన మన సహోద్యోగులలో కొందరు ఈ వ్యాధికి లోనైనారు. వారిని కనిపెట్టుకొని ఉండే భారం భార్యల మీద, కూతుళ్ళ మీద, కోడళ్ళ మీద పడినది. 2023లో వెలువడిన ఒక దేశవ్యాప్త అధ్యయనం ప్రకారం మన దేశంలో అరవై ఏళ్ళు దాటినవారిలో నూటికి 7.4 మంది, అంటే సుమారు 88 లక్షల మంది, చిత్తవైకల్యంతో బాధపడుతున్నారు. చిత్తవైకల్యానికి కారణాలు అనేకం ఉన్నా వాటిలో ప్రధానమైనది అల్జీమర్స్ వ్యాధియే.

మేము వైద్యులము కాము. విద్యుత్ పరికరాల నిర్వహణ మా వృత్తి. అయినా ఈ విషయాన్ని శ్రద్ధగా చదవవలసిన అవసరం మాకు కలిగినది. మా విభాగంలో పనిచేసే ఒక యువ సహోద్యోగి తల్లికి ఈ వ్యాధి ఉన్నట్లు నిర్ధారణ అయిన తరువాత ఆయన మమ్మల్ని ఒక ప్రశ్న అడిగినాడు. "సార్, మా అమ్మమ్మకు వచ్చింది. ఇప్పుడు అమ్మకు వచ్చింది. ఇక నా వంతేనా?" ఆయన చేతిలో ఒక ప్రకటన కాగితం కూడా ఉన్నది. లాలాజలం నమూనా పంపితే జన్యు పరీక్ష చేసి, ఈ వ్యాధి వస్తుందో రాదో ముందే చెప్పగలమని ఎవరో ఇచ్చిన ప్రకటన అది.

ఆ ప్రశ్నకు సమాధానం అవుననీ కాదు, కాదనీ కాదు. ఇంజనీర్లకు బొత్తిగా నచ్చని రకం సమాధానం ఇది. అయితే గడిచిన ముప్పై ఏళ్ళలో చుంచెలుకల మీద జరిగిన పరిశోధనలు దానిని చాలావరకు విడమరచి చెప్పగలిగినవి. ఇంట్లో ఇటువంటి పెద్దలు ఉన్న మన పాఠకులకు ఆ సంగతులు తెలియజేయటమే ఈ వ్యాస ఉద్దేశం.

వ్యాధి పేరు వెనుక ఉన్న కథ చాలామందికి తెలిసినదే కనుక క్లుప్తంగా చెప్పుకొందాము. 1901 నవంబరులో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ మానసిక వైద్యశాలకు 51 ఏళ్ళ మహిళను తీసుకొనివచ్చినారు. పేరు అడిగితే తన పేరు చెప్పేది. భర్త పేరు అడిగినా తన పేరే చెప్పేది. ఆమెను పరీక్షించిన వైద్యుడు అలాయిస్ అల్జీమర్. 1906లో ఆమె మరణించిన తరువాత మెదడును సూక్ష్మదర్శిని క్రింద చూసి, నాడీకణాల వెలుపల ముద్దలు, లోపల దారపు చిక్కుముళ్ళ వంటి పోగులు ఉన్నట్లు ఆయన ప్రకటించినాడు. వెలుపలి ముద్దలు అమైలాయిడ్ బీటా అనే ప్రోటీనుతోను, లోపలి చిక్కుముళ్ళు టౌ అనే ప్రోటీనుతోను ఏర్పడినవని 1980 దశకంలో తేలినది.

అదే 1906లో మరొక సంఘటన జరిగినది. మెదడు నిర్మాణాన్ని వివరించినందుకు ఇటలీ శాస్త్రజ్ఞుడు గోల్జీకి, స్పెయిన్ శాస్త్రజ్ఞుడు కహాల్‌కు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చినారు. మెదడంతా ఒకే అల్లిక అని గోల్జీ వాదన. కాదు, ప్రతి నాడీకణమూ దేనికదే, వాటి మధ్య సందు ఉన్నదని కహాల్ వాదన. బహుమతి పంచుకొన్న ఇద్దరూ ఆ వేదిక మీద కూడా ఒప్పుకోలేదు. చివరికి కహాల్ మాటే నిలిచినది. ఒక కణం నుంచి మరొక కణానికి సందేశం అందే ఆ చోటుకు 1897లోనే ఇంగ్లండులో షెరింగ్టన్ "సినాప్స్" అని పేరు పెట్టి ఉన్నాడు. మనం దానిని నాడీసంధి అందాము. మిల్లీమీటరును యాభై వేల భాగాలు చేస్తే వచ్చే ఒక్క భాగమంత సందు అది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు, ఒక్కొక్కదానికి వేల సంఖ్యలో సంధులు ఉన్నవి. మన జ్ఞాపకాలు ఈ సంధుల బలాబలాలలోనే నిలువ ఉంటవని నేటి శాస్త్రజ్ఞుల అవగాహన.

ఈ రెండు విషయాలు ఒకదానినొకటి కలుసుకొనటానికి ఎనభై ఏళ్ళు పట్టినది. అంతవరకు అందరూ ముద్దలను, చిక్కుముళ్ళను లెక్కపెట్టుతూ వచ్చినారు. 1988లో అమెరికాలో కాట్జ్‌మన్, ఆయన సహచరులు వృద్ధాశ్రమాలలో మరణించిన 137 మంది మెదళ్ళను పరిశీలించినారు. వారిలో పది మంది మెదళ్ళలో ముద్దలు పుష్కలంగా ఉన్నవి. కానీ ఆ పది మందీ బ్రతికి ఉన్నంతకాలం చక్కని తెలివితో ఉన్నవారే. 1991లో రాబర్ట్ టెర్రీ బృందం మరొక సంగతి చూపినది. రోగి ఎంత మతి కోల్పోయినాడు అనేదానికి ముద్దల సంఖ్యతో కంటె నాడీసంధుల నష్టంతోనే ఎక్కువ పొంతన ఉన్నది.

సబ్‌స్టేషన్లలో పనిచేసిన మనవారికి ఇది వింతగా తోచదు. కండక్టరు నడిమధ్యన తెగి సరఫరా ఆగటం అరుదు. బస్‌బార్ జాయింటు దగ్గరో, ఐసొలేటరు కాంటాక్టు దగ్గరో, జంపరు క్లాంపు దగ్గరో వేడెక్కి పాడవటమే ఎక్కువ. తీగ బాగానే ఉంటుంది, అతుకు పోతుంది.

జన్యువులు రెండు విధాలు

వంశపారంపర్యం అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నవి. మా సహోద్యోగి ఆందోళనకు కారణం సగం ఈ కలగాపులగమే.

మొదటిది అరుదైన రకం. 21వ క్రోమోజోము మీద అమైలాయిడ్‌కు మూలపదార్థమైన ప్రోటీనును తయారుచేసే జన్యువు ఉన్నది. దానిలో మార్పు వస్తే అల్జీమర్స్ వస్తుందని 1991లో ఒక ఇంగ్లండు కుటుంబంలో కనుగొన్నారు. 1995లో ప్రిసెనిలిన్ అనే మరి రెండు జన్యువులు బయటపడినవి. ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో అటువంటి మార్పు ఉన్న తల్లి లేక తండ్రి నుంచి ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. సంక్రమించినవారికి నలభై, యాభై ఏళ్ళకే వ్యాధి రావటం దాదాపు నిశ్చయం. అయితే మొత్తం అల్జీమర్స్ రోగులలో ఇటువంటివారు నూటికి ఒకరి కంటె తక్కువ. డెబ్బై దాటిన తరువాత అమ్మమ్మకో, తాతయ్యకో వచ్చిన మతిమరుపు సాధారణంగా ఈ కోవలోనిది కాదు.

రెండవది మనలో చాలామందికి సంబంధించినది. 1993లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అలెన్ రోజెస్ బృందం ఏపీఓఈ అనే జన్యువుకు, వృద్ధాప్యంలో వచ్చే అల్జీమర్స్‌కు సంబంధం ఉన్నదని ప్రకటించినది. ఈ జన్యువు మనుషులలో మూడు రూపాలలో ఉన్నది. వాటిని 2, 3, 4 అని పిలుస్తారు. అత్యధికులకు ఉండేది 3. ఈ జన్యువు తయారుచేసే ప్రోటీనులో 299 అమైనో ఆమ్లాలు ఉండగా, 3కు 4కు తేడా వాటిలో ఒకే ఒక్కదానిలో ఉన్నది. ఆ మాత్రపు తేడాకే, తల్లి నుంచో తండ్రి నుంచో ఒక 4 వచ్చినవారికి వ్యాధి అవకాశం ఇంచుమించు మూడు రెట్లు పెరుగుతుంది. ఇద్దరి నుంచీ వచ్చినవారికి ఎనిమిది నుంచి పన్నెండు రెట్ల వరకు పెరుగుతుందని ఐరోపా సంతతివారిలో వేసిన లెక్క. 2 రూపం ఉన్నవారికి అవకాశం తగ్గుతుంది.

మూడు రెట్లు అనగానే బెదరవలసిన పని లేదు. ఒక 4 ఉండి కూడా ఎనభై ఏళ్ళు నిక్షేపంగా బ్రతికినవారు ఎందరో ఉన్నారు. ఒక్క 4 కూడా లేకుండా వ్యాధి వచ్చినవారూ ఉన్నారు. ఢిల్లీకి దక్షిణాన హర్యానాలోని బల్లభ్‌గఢ్ గ్రామాలలో భారత, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి చేసిన అధ్యయనం ఈ సందర్భంలో గమనించదగినది. అక్కడి ప్రజలలో ఈ 4 రూపం పాలు సుమారు 7 శాతం. పోల్చి చూసిన పెన్సిల్వేనియా ప్రాంతంలో సుమారు 11 శాతం. బల్లభ్‌గఢ్‌లో వ్యాధి కూడా తక్కువగా కనిపించినది. కానీ 4 రూపానికి, వ్యాధికి గల సంబంధం మాత్రం రెండు చోట్లా ఒకే తీరున ఉన్నట్లు 2000లో ప్రకటించినారు.

ఆ తరువాత మరెన్నో జన్యువులు ఈ జాబితాలో చేరినవి. 2022లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అటువంటి స్థానాలను 75 వరకు గుర్తించినది. వాటిలో చాలావాటి ప్రభావం ఒక్కొక్కటిగా చూస్తే బహు స్వల్పం. ఇక మిగిలిన ప్రశ్న ఇది. ఒక అమైనో ఆమ్లపు తేడా మనిషి జ్ఞాపకాన్ని ఎలా తాకుతుంది? బ్రతికి ఉన్న మనిషి మెదడును తెరిచి చూడలేము కదా.

చుంచెలుక ప్రవేశం

చుంచెలుకకు సహజంగా అల్జీమర్స్ రాదు. దాని ఆయుర్దాయం రెండు మూడేళ్ళు. దాని అమైలాయిడ్ మన దానికంటె మూడు అమైనో ఆమ్లాలలో భిన్నమైనది, సులభంగా ముద్దకట్టదు. అందువల్ల అరుదైన ఆ మొదటి రకం మానవ జన్యువులనే ఎలుక అండంలో ప్రవేశపెట్టినారు. 1995లో మొదటి విజయవంతమైన ఎలుక వెలువడినది. 1996లో మిన్నెసోటాలో కారెన్ షావ్ రూపొందించిన ఎలుకలు తొమ్మిది పది నెలల వయసుకు దారులు మరచిపోవటం మొదలుపెట్టినవి. 2006 నాటికి ఒకే ఎలుకలో ఐదు మానవ ఉత్పరివర్తనలు కూర్చి, రెండు నెలల వయసుకే మెదడులో ముద్దలు పుట్టించగలిగినారు.

ఎలుక జ్ఞాపకాన్ని కొలిచే పద్ధతి ముచ్చటగా ఉంటుంది. పెద్ద గుండ్రని తొట్టిలో నీళ్ళు నింపి, లోపల ఏమున్నదీ కనబడకుండా తెల్లగా చేస్తారు. ఒక చోట నీటి మట్టానికి కొంచెం క్రిందుగా చిన్న పీట ఉంటుంది. ఎలుక ఈదుకొంటూ వెదకి దానిని ఎక్కాలి. గది గోడల మీది గుర్తులను బట్టి పీట ఎక్కడున్నదో ఆరోగ్యవంతమైన ఎలుక కొద్ది రోజులలో నేర్చుకొంటుంది. వ్యాధి జన్యువు ఉన్నది రోజూ కొత్తగానే వెదుకుతుంది. ఇంట్లో ఇటువంటి పెద్దవారున్న పాఠకులకు ఈ దృశ్యాన్ని ఇంతకంటె వర్ణించి చెప్పనక్కరలేదు.

అయితే ఈ ఎలుకలు శాస్త్రజ్ఞులను కొంత నిరాశపరచినవి కూడా. మెదడు నిండా ముద్దలు ఉన్నవి గాని, మనిషిలో వలె టౌ చిక్కుముళ్ళు ఏర్పడలేదు. చాలా రకాలలో నాడీకణాలు కూడా పెద్దగా చావలేదు. మా దృష్టిలో ఇవి వ్యాధికి నకళ్ళు కావు, వ్యాధిలోని ఒక భాగానికి నమూనాలు. కానీ ఆ భాగమే అసలైనది అయి ఉండవచ్చును. ఎందుకంటే కణాలు చావకముందే వీటిలో నాడీసంధులు తగ్గిపోవటం కనిపించినది. నాడీకణపు కొమ్మల మీద మొగ్గల వంటి బుడిపెలు ఉంటవి. ఉత్తేజపరచే సంధులలో ఎక్కువభాగం ఈ బుడిపెల మీదనే ఏర్పడతవి. పుర్రెలో చిన్న గాజు కిటికీ అమర్చి, బ్రతికి ఉన్న ఎలుకలోనే ఆ బుడిపెలు వారం వారం పుట్టటం, పోవటం చూడగలుగుతున్నారు. ముద్దల పరిసరాలలో అవి రాలిపోతున్నవి.

ఏపీఓఈ సంగతి ఇంకా ఆసక్తికరమైనది. ఎలుకకు ఈ జన్యువులో మనకున్న మూడు రూపాలు లేవు. ఎలుక జన్యువును తీసివేసి మనిషి జన్యువును, ఒక్కొక్క జాతిలో ఒక్కొక్క రూపాన్ని, అమర్చినారు. 2009లో ప్రకటించిన ఒక పరిశోధనలో, 4 రూపం ఉన్న ఎలుకల మెదడు పైపొరలో ఈ బుడిపెలు తక్కువగా ఉన్నట్లు తేలినది. గమనించండి, ఈ ఎలుకలలో అమైలాయిడ్ ముద్దలు పుట్టించే మానవ జన్యువు లేనే లేదు. ఏపీఓఈ చేసే పని మెదడులో కొవ్వు పదార్థాలను కణం నుంచి కణానికి మోసుకొనిపోవటం. సంధి కట్టుకొనాలన్నా మరమ్మతు చేసుకొనాలన్నా నాడీకణానికి కొవ్వు అవసరం. ఆ సరఫరాలో 4 రూపం వెనుకబడుతుందని ఒక అవగాహన. 2017లో సెయింట్ లూయీలో హోల్ట్‌జ్‌మన్ బృందం, టౌ వ్యాధి ఉన్న ఎలుకలకు 4 రూపం తోడైతే మెదడు మరింత వేగంగా క్షీణిస్తుందని, ఏపీఓఈ అసలే లేకపోతే క్షీణత బాగా తగ్గుతుందని చూపినది.

ఇక్కడ మైక్రోగ్లియా అనే కణాలను పరిచయం చేయాలి. మెదడులో పారిశుద్ధ్య విభాగం వంటివి ఇవి. పసితనంలో మెదడు అవసరానికి మించి సంధులు కట్టుకొంటుంది. పనికిరానివాటి మీద కాంప్లిమెంట్ అనే రక్షక ప్రోటీను ముద్ర వేస్తుంది. ముద్ర పడినవాటిని మైక్రోగ్లియా మింగివేస్తవి. ఈ సంగతిని వెలికితీసినవారిలో బోస్టన్‌కు చెందిన బెత్ స్టీవెన్స్ ముఖ్యురాలు. 2016లో ఆమె బృందం ఒక విచిత్రం కనుగొన్నది. అల్జీమర్స్ ఎలుకలలో, ముద్దలు ఇంకా కట్టకముందే, అదే ముద్ర మళ్ళీ పెద్దవయసు సంధుల మీద పడుతున్నది. పసితనంలో ముగిసిన ఏరివేత కార్యక్రమం వేళ గాని వేళ తిరిగి మొదలైనదన్న మాట. ఆ ముద్ర పడకుండా అడ్డుకొంటే సంధులు నిలిచినవి.

అయితే మైక్రోగ్లియాను శత్రువులుగా తీర్మానించటానికి కూడా వీలులేదు. ట్రెమ్2 అనే జన్యువు ఈ కణాలలో పనిచేస్తుంది. దానిలో ఒక మార్పు ఉన్న ఐస్‌లాండ్ ప్రజలకు వ్యాధి అవకాశం దాదాపు మూడు రెట్లు ఉన్నట్లు 2012లో కనుగొన్నారు. ట్రెమ్2 సరిగా లేని ఎలుకలలో మైక్రోగ్లియా ముద్దల చుట్టూ చేరి కట్టడి చేయలేకపోతున్నవి. దానితో చుట్టుపక్కల నాడీ తంతువులకు నష్టం ఎక్కువవుతున్నది. కనుక ఆ కణాలు అతిగా పనిచేసినా ముప్పే, చేయవలసిన పని చేయకపోయినా ముప్పే. రక్షణ రిలే సెట్టింగులు పెట్టినవారికి ఈ సంకటం తెలిసినదే.

ఒకే జన్యువు, వేరు వేరు ఎలుకలు

మా సహోద్యోగి ప్రశ్నకు అన్నింటికంటె దగ్గరగా వచ్చే పరిశోధన ఇప్పుడు చెప్పబోయేది. పైన చెప్పిన ఎలుకలలో చాలావరకు "బ్లాక్ సిక్స్" అనే ఒక్క వంశానికి చెందినవి, లేదా ఆ వంశంతో కలిసినవి. 1921లో అమెరికాలో క్లారెన్స్ లిటిల్ మొదలుపెట్టిన వంశం అది. అన్నాచెల్లెళ్ళనే తరతరాలుగా జతకట్టించటం వల్ల ఆ ఎలుకలన్నీ కవల పిల్లల వలె ఒకే అచ్చులో ఉంటవి. ప్రయోగానికి అది సౌకర్యమే. కానీ వేయి బ్లాక్ సిక్స్ ఎలుకలను పరీక్షించటమంటే ఒకే మనిషిని వేయిసార్లు పరీక్షించటం వంటిది. మనుషులందరికీ అది వర్తిస్తుందని ఎలా అనుకొనగలము?

లిటిల్ 1929లో మెయిన్ రాష్ట్రంలో స్థాపించిన జాక్సన్ ప్రయోగశాలలోనే ఈ సంకెలను తెంచే పని జరిగినది. ఐదు ఉత్పరివర్తనలు గల ఎలుకను తీసుకొని, బ్లాక్ సిక్స్‌కు మరొక పాత వంశానికి పుట్టిన అనేక మిశ్రమ వంశాలతో జతకట్టించినారు. పిల్లలన్నింటికీ వ్యాధి జన్యువు ఒక్కటే. నేపథ్యం మాత్రం వేరు వేరు. 2019లో వెలువడిన ఫలితం ఏమంటే, కొన్ని వంశాలు త్వరగా మతి కోల్పోయినవి, కొన్ని పెద్ద వయసులో కూడా నేర్చినది నిలుపుకొన్నవి.

అదే సంవత్సరం అదే ప్రయోగశాలలో గారెత్ హోవెల్ బృందం ఇంకొక అడుగు వేసినది. థాయ్‌లాండ్‌లో, అమెరికాలోని మేరీలాండ్‌లో, చెకొస్లొవాకియాలోని ప్రాగ్ నగర పరిసరాలలో ఒకప్పుడు పట్టిన అడవి ఎలుకల సంతతి ఆ ప్రయోగశాలలో ఉన్నది. వాటిలో వ్యాధి జన్యువులు చేర్చినారు. ముద్దలు అన్ని వంశాలలోనూ ఏర్పడినవి. కానీ మెదడు దెబ్బతిన్న తీరు వంశానికి ఒక విధంగా ఉన్నది. ప్రాగ్ ఎలుకల వంశం, పీడబ్ల్యుకె అని దాని పేరు, ముద్దలు ఉండి కూడా జ్ఞాపకశక్తిని నిలుపుకొన్నది. కాట్జ్‌మన్ చూసిన ఆ పది మంది వృద్ధుల వంటి ఎలుక ఇన్నాళ్ళకు దొరికినదన్న మాట.

ఎందుకు నిలుపుకొన్నది? 2020 దశకపు తొలి సంవత్సరాలలో ఆ బృందమే దీనిని పరిశీలించినది. జ్ఞాపకానికి కీలకమైన హిప్పోక్యాంపస్ నుంచి మెదడు ముందుభాగానికి వెళ్ళే నాడీకణాలకు రంగు వేసి, వాటి కొమ్మల మీది బుడిపెలను లెక్కించినారు. కొన్ని ఎలుకల మేతలో ఒక మందు కలిపి మైక్రోగ్లియాను తొలగించి కూడా చూసినారు. బ్లాక్ సిక్స్ ఎలుకలలో మైక్రోగ్లియా ఉన్నప్పుడు ఒక తీరు, లేనప్పుడు ఒక తీరు. బుడిపెల సంఖ్య, ఆకారం మారిపోయినవి. ప్రాగ్ వంశంలో మాత్రం మైక్రోగ్లియా ఉన్నా లేకున్నా, ముద్దలు ఉన్నా లేకున్నా, బుడిపెలు చెక్కుచెదరలేదు.

దీని నుంచి మేము గ్రహించినది ఏమంటే, వ్యాధి జన్యువు ఒక్కటే ఫలితాన్ని నిర్ణయించటం లేదు. మిగిలిన వేలాది జన్యువులు సంధులను ఎంత గట్టిగా నిలబెట్టుతున్నవి అనేదాని మీద కూడా అది ఆధారపడి ఉన్నది. ఒకే డ్రాయింగు, ఒకే తయారీదారు, ఒకే లోపం ఉన్న రెండు పంపులలో ఒకటి ఏడాదికే మూలపడి, మరొకటి పదిహేనేళ్ళు నడవటం మనం చూసినదే. పునాది, అలైన్‌మెంటు, నీటి నాణ్యత వేరు. పంపు పేరుపలక మీద ఆ వివరాలు ఉండవు.

ఎలుకను నమ్మి మోసపోయిన సందర్భాలు కూడా చెప్పకపోతే ఈ వ్యాసం ఏకపక్షమవుతుంది. 1999లో అమైలాయిడ్ టీకా ఎలుకలలో ముద్దలను అద్భుతంగా తొలగించినది. మనుషులలో ప్రయోగిస్తే నూటికి ఆరుగురికి మెదడు వాపు రావటంతో 2002లో ఆపివేసినారు. ఆ టీకా తీసుకొన్న కొందరు రోగుల మెదళ్ళను తరువాత పరిశీలించగా, ముద్దలు దాదాపు పూర్తిగా పోయి ఉన్నా చిత్తవైకల్యం ఆగలేదని 2008లో ప్రకటించినారు. ఒక ప్రత్యేకమైన అమైలాయిడ్ కూటమియే మతిమరుపుకు కారణమని ఎలుకల ఆధారంగా 2006లో ప్రకటించి విశేష ప్రచారం పొందిన ఒక పరిశోధన పత్రాన్ని, చిత్రాలు దిద్దబడినవని తేలటంతో 2024లో ఉపసంహరించినారు. అయితే అదంతా వృథా కాలేదు. ఎలుకలతో మొదలైన ఆ దారిలోనే లెకానెమాబ్ అనే మందు వచ్చి 2023లో అమెరికాలో పూర్తి ఆమోదం పొందినది. వ్యాధి తొలిదశలో ఉన్నవారిలో పద్దెనిమిది నెలల కాలంలో క్షీణత వేగాన్ని అది సుమారు 27 శాతం తగ్గించినది. పోయిన జ్ఞాపకాలను తిరిగి తేలేదు. దీని వలన కొందరికి మెదడులో వాపు, చిన్న రక్తస్రావాలు కలుగుతవి. రెండు 4 రూపాలు ఉన్నవారికి ఆ ప్రమాదం అధికం. అందువల్ల ఆ మందు మొదలుపెట్టే ముందు ఏపీఓఈ పరీక్ష చేయించమని వైద్యులు సలహా ఇస్తారు. అక్కడ ఆ పరీక్షకు ప్రయోజనం ఉన్నది.

మనిషిలో కూడా ప్రాగ్ ఎలుక వంటి ఉదాహరణ ఒకటి దొరికినది. దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, ఆంటియోకియా ప్రాంతంలో, ప్రిసెనిలిన్ మార్పు గల ఒక పెద్ద వంశం ఉన్నది. ఫ్రాన్సిస్కో లొపేరా అనే వైద్యుడు దశాబ్దాలపాటు వారిని పరిశీలించినాడు. మార్పు ఉన్నవారికి నలభైల మధ్యలోనే మతిమరుపు మొదలవుతుంది. అదే మార్పు ఉన్న ఒక మహిళకు మాత్రం డెబ్బై దాటేవరకు రాలేదు. ఆమె మెదడులో అమైలాయిడ్ విపరీతంగా ఉన్నది. కానీ ఏపీఓఈ జన్యువులో క్రైస్ట్‌చర్చ్ అనే బహు అరుదైన మార్పు ఆమెకు తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చినదని 2019లో కనుగొన్నారు. దానినే ఎలుకలలో ప్రవేశపెట్టి చూడగా, మైక్రోగ్లియా తీరు మారి, టౌ వ్యాప్తి తగ్గినది. దాదాపు నిశ్చయమని చెప్పుకొనే మొదటి రకం జన్యువుకు కూడా ముప్పై ఏళ్ళ వాయిదా ఇప్పించగల మరొక జన్యువు ఉన్నదన్న మాట.

కనుక ఆ ప్రకటన కాగితాన్ని గురించి మేము మా సహోద్యోగికి చెప్పినది ఇది. మీ తల్లిగారికి, అమ్మమ్మగారికి వ్యాధి వచ్చినది డెబ్బై దాటిన తరువాత. అది మొదటి రకం కాకపోవటానికే ఎక్కువ అవకాశం. ఆ పరీక్ష మీకు 4 ఉన్నదో లేదో చెప్పగలదు. మీ సంధులు గట్టివో కావో చెప్పలేదు. ఉన్నదని తెలిస్తే నేడు ఆరోగ్యంగా ఉన్న మీరు వాడదగిన మందు ఏదీ లేదు. లేదని తెలిస్తే నిశ్చింతగా ఉండటానికీ లేదు. తప్పనిసరిగా తెలుసుకొనాలని ఉంటే ముందుగా నాడీ వైద్యునితోను, జన్యు సలహాదారుతోను మాట్లాడండి, ప్రకటన ఇచ్చినవారితో కాదు. ఇంట్లో యాభై ఏళ్ళకే వ్యాధి వచ్చినవారు ఇద్దరు ముగ్గురు ఉంటే మాత్రం సంగతి వేరు. అటువంటివారు ఆలస్యం చేయక వైద్యుని సలహా తీసుకొనాలి.

జన్యువులు కాక సంధులను కాపాడేవి మరేమున్నవి? హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు 648 మంది చిత్తవైకల్య రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించినారు. ఒకే భాష వచ్చినవారికంటె రెండు, అంతకుమించి భాషలు మాట్లాడేవారికి వ్యాధి లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైనవి. చదువుకోనివారిలో కూడా ఈ తేడా కనిపించటం విశేషం. వ్యాధి రాకుండా పోలేదు, ఆలస్యంగా వచ్చినది. బదిలీల మీద దేశమంతా తిరిగి, భిలాయిలో హిందీ, దుర్గాపూర్‌లో బెంగాలీ నేర్చిన మన కుటుంబాలకు ఇది సంతోషం కలిగించే వార్తే.

2024లో లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం, ప్రపంచంలోని చిత్తవైకల్యంలో సుమారు 45 శాతం మనం సరిదిద్దుకొనగల పద్నాలుగు కారణాలతో ముడిపడి ఉన్నదని లెక్కవేసినది. రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్టరాల్, పొగత్రాగటం వంటివి అందరూ ఎరిగినవే. కానీ ఆ జాబితాలో అన్నింటికంటె పెద్ద వాటా గలవాటిలో ఒకటి నడివయసులో వచ్చే వినికిడి లోపం. టర్బైన్ హాలులోను, కంప్రెసర్ గదిలోను పాతికేళ్ళు పనిచేసిన మనవారికి ఇది సూటిగా తగిలే విషయం. 2023లో అమెరికాలో వృద్ధులకు వినికిడి యంత్రాలు అమర్చి మూడేళ్ళపాటు పరిశీలించినారు. మొత్తం మీద తేడా కనిపించలేదు. ముప్పు ఎక్కువగా ఉన్నవారి వర్గంలో మాత్రం బుద్ధి మందగించటం 48 శాతం తగ్గినది. చెవి మందగించినవారు నలుగురితో మాట్లాడటం మానుకొంటారని, వినికిడికే మెదడు శక్తి అంతా ఖర్చవుతుందని దీనికి కారణాలు చెబుతున్నారు. శబ్దం అధికంగా ఉండే విభాగాలలోనివారు ఏటా జరిగే వైద్య పరీక్షలో తీసిన ఆడియోమెట్రీ రికార్డు నకలును పదవీ విరమణకు ముందే అడిగి తీసుకొని, తరువాతి ఏళ్ళలో చేయించుకొనే పరీక్షలతో పోల్చి చూసుకొనవచ్చును.